గోడ కాడ ఆగని బస్సు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీనగర్ మూడో స్టేషన్. సీట్లో కూర్చుని చెంగు సర్దుకునే లోపే దిగాల్సి వస్తుంది. అంత దగ్గర్లో ఉన్న మార్తక్కను చూడడానికి, ఆమె కోసమే అని బయలుదేరడం మాత్రం మొన్నటి చలికాలంలోనే మొదటిసారి. పెళ్లిళ్లలో కలిశాం, చావుల దగ్గర కలిశాం, ఒకరి సంగతులు ఒకరం ఎవరి నోటనో వింటూనే ఉన్నాం. ఆమె మనవరాలు సునీత ఫోన్ చేసి, నానమ్మకు చెవులు మొత్తం పోతున్నయి టీచరమ్మా, మనుషుల్నైతే గుర్తువడుతది, ఒకసారి వచ్చిపోండి అంది. నానమ్మకు తొంభై దాటినయి అని కూడా చెప్పింది. నా లెక్కలో ఎనభై తొమ్మిదే. ఫోన్లో దిద్దలేదు గాని, దారి పొడుగునా మళ్లీ మళ్లీ లెక్కేసి నాదే సరి అని తేల్చుకున్నాను.

మేడ మీద ఎండ పడే చోట మంచం వేసి ఆమెను కూర్చోబెట్టారు. సునీత పిల్లలిద్దరూ, ఇంకా బడి మొహం చూడనివాళ్లు, ఒకే దుప్పటి ఇద్దరూ కప్పుకుని మంచం చుట్టూ ప్లాస్టిక్ కుర్చీని ఈడుస్తూ గొంతు పగిలేలా అరుస్తున్నారు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన అలవాటు. వేలు దానంతటదే పెదాల మీదికి వెళ్లింది. మార్తక్క ఆ వేలు చూసింది. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది:

"అరవనియ్యి సత్తెమ్మా. అప్పుడోసారి మీ పిల్లల నోర్లు మూసినవ్ గద. సాలదా?"

వేలు దించి ఒళ్లో పెట్టుకున్నాను. ఏ అప్పుడని అడగాల్సిన పని నాకు లేదు.

ఆ రోజుల్లో మేము దిల్‌సుఖ్‌నగర్‌కూ కొత్తపేటకూ నడుమ, కొత్తగా ప్లాట్లు వేసిన చోట కిరాయికి ఉండేవాళ్లం. విజయవాడ రోడ్డు దాటితే జొన్నచేలు, ద్రాక్షతోటలు. సరూర్‌నగర్ చెరువు మీది నుంచి వచ్చే గాలికి పొద్దున్నే ముక్కు మొద్దుబారిపోయేది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి మూడేళ్లు దాటింది. మా ఆయన బస్సు డిపోలో టైంకీపర్. శ్రీనుకు నాలుగేళ్లు, పద్మకు మూడు నిండడానికి ఇంకా రెండు నెలలు. మాతో పాటు మా అత్తమ్మ. మా పోర్షన్‌కూ మార్తక్క పోర్షన్‌కూ మధ్య నా ఛాతీ ఎత్తు గోడ ఒకటి. ఆమె సర్కారు దవాఖానలో ఆయా. భర్త రత్నం మేస్త్రీ. పని ఎక్కడుంటే అక్కడే గుడిసె వేసుకుని వారాల తరబడి ఉండిపోయేవాడు. వాళ్లదీ పల్లె నుంచి వచ్చిన కాపురమే, చర్చికి వెళ్లేవాళ్లు. ఒక్కడే కొడుకు ప్రభాకర్, అప్పుడే కాలేజీలో చేరాడు. పద్మ పుట్టినప్పుడు దవాఖానలో నా చెయ్యి పట్టుకుని నిలబడ్డది మా వాళ్లెవరూ కాదు, మార్తక్కే. నేను అక్కా అనేదాన్ని, నా పిల్లలు పెద్దమ్మా అనేవాళ్లు.

చలికాలంలో మా వాకిట్లో పొద్దు మొదట తాకేది ఆ గోడనే. అందుకని నిద్ర లేవగానే పిల్లలను గొంగడిలో చుట్టి గోడకు ఆనించి కూర్చోబెట్టేదాన్ని. గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను వాళ్ల పక్కనే ఎండలో పెట్టేదాన్ని. తెల్లటి ముద్ద అంచుల్లో ముందు కరిగి, నడిమి ముద్ద తేలుతూ ఉంటే, అది మునిగేదాకా కదలకుండా చూడడం వాళ్లకొక పని. వాకిట్లో మూడు రాళ్ల మీద కాగులో నీళ్లు మసిలేవి. కట్టెలు కాలి నివురు మిగిలాక అత్తమ్మ దాంట్లో మోరంగడ్డలు, అదే చిలగడదుంపలు, పూడ్చేది. కమిలిన తొక్క వాసన, గొంగట్లోని గొర్రెబొచ్చు వాసన, నూనె వాసన కలిసి పిల్లల తలల్లో ఇంకిపోయేవి. ఎంత సున్నిపిండితో రుద్దినా మధ్యాహ్నం దాకా పోయేవి కావు. పగిలిన పెదాలకు అత్తమ్మ వెన్న రాస్తే పద్మ అది నాకేసి మళ్లీ మూతి చాపేది.

ఆ చలిలో నోటి నుంచి ఆవిరి రావడం మా ఆయన ఒక సెలవునాడు కనిపెట్టిన ఆటకు మూలం. అది బస్సు పొగ అన్నాడు. గొంగడి బస్సు. శ్రీను ముందు, పద్మ వెనక, ఇద్దరూ పొగ వదులుతూ వాకిలంతా తిరగాలి. బావి దగ్గర ఒక స్టాపు, జామచెట్టు దగ్గర ఒకటి, పొయ్యి దగ్గర అత్తమ్మ స్టాపు ఒకటి. ఆఖరిది గోడ. అక్కడ అవతలి నుంచి మార్తక్క రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డ మనిషిలాగే చెయ్యి ఎత్తేది. మా ఆయన ఇంట్లో ఉంటే నోటితోనే విజిల్ వేసేవాడు, బస్సు ఆగేది. ఎక్కడికి పోవాలె అని శ్రీను గట్టిగా అడిగితే, రోజుకొక ఊరు చెప్పేది. టికెట్ కింద గుప్పెడు రేగుపండ్లో, ఉడికిన అనపకాయలో గోడ మీద పెట్టేది. ప్రభాకర్ ఇంట్లో ఉంటే గోడ దూకి వచ్చి, ఇంజను చెడిపోయిందని శ్రీనును భుజాల మీద ఎక్కించుకుని తానే ఇంజనయ్యేవాడు. వాడు పొడుగు మనిషి. శ్రీను కాళ్లు వాడి ఛాతీ మీద టపటపా కొట్టుకునేవి.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. ముందు కాలేజీలు మూతపడ్డాయి, తర్వాత బస్సులు ఆగడం మొదలైంది. బంద్ అంటే డిపోలో రాసుకోవడానికి వచ్చే బండీ ఉండదు, పోయే బండీ ఉండదు. మా ఆయన ఇంట్లో ఉండిపోయేవాడు. మామూలు రోజుల్లో ఆయన పిల్లలు లేవకముందే వెళ్లి వాళ్లు పడుకున్నాక వచ్చే మనిషి. పద్మ ఆయన్ను కొత్తవాళ్లను చూసినట్టు చూసేది. ఆ చలికాలంలో ఆయనే వాళ్లకు నూనె రాశాడు, నీళ్లు పోశాడు, మోరంగడ్డ ఊది ఊది తినిపించాడు. అంత సంతోషంగా మా ఇంట్లో మరో చలికాలం గడవలేదు. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ తలవంపుగా ఉంటుంది. బయట ఊళ్లో పిల్లలు లాఠీదెబ్బలు తింటున్నారు, తుపాకులు పేలాయని వార్తలు వస్తున్నాయి. నేనూ వింటున్నాను. విని, పొయ్యి కింద మరో కట్టె ఎగదోసి, మొగుడూ పిల్లలూ ఆడుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను.

ఒకరోజు నూనె రాయించుకుంటూ శ్రీను తండ్రిని అడిగాడు.

"నాయినా, రేపు గూడ బంద్ ఉంటదా?"

"ఉండాల్నా ఏంది?"

"ఉండాలె. రోజు ఉండాలె."

గోడ అవతల మార్తక్క పడీపడీ నవ్వింది. వీనికి దండేసి జులూసుల ముందల నడిపిస్తే ఇగ వీని నాయిన డిపో మొకమే చూడడు అంది. ప్రభాకర్ కూడా నవ్వాడు. వాడు అప్పటికే ఆ ఊరేగింపుల్లో తిరుగుతున్నాడని మా అందరికీ తెలుసు. మార్తక్కకు తెలుసు గాని తెలియనట్టు ఉండేది.

క్రిస్మస్‌కు ప్రభాకర్ వెదురుబద్దలతో, గాలిపటాల కాగితంతో నక్షత్రం కట్టి వాళ్ల ఇంటి ముందు గుంజ మీద వేలాడదీసేవాడు. బద్దలు చీల్చేటప్పుడు మా పిల్లలు పక్కనే ఉండాలి. శ్రీను జిగురు గిన్నె పట్టుకునేవాడు, పద్మ ఆ వేళ్లు నాకేది. కొత్త సంవత్సరం వచ్చిన వారానికి దాన్ని దించి, కాగితం చింపేసి, బద్దలు అటక మీద పెట్టేవాడు. ఆ ఏడు దించడానికి కుదరలేదు. రేపు దించుతానంటూనే ఒకరోజు ఊళ్లోకి పోయి, తిరిగి రాలేదు. పట్టుకుపోయారని, జైల్లో పెట్టారని మరుసటి రోజు ఎవరో వచ్చి చెప్పారు. నక్షత్రం గుంజ మీదే ఉండిపోయింది. ఎండకు ఎర్ర కాగితం ముందు గులాబీ రంగుకు దిగింది, తర్వాత తెల్లబడింది.

ఆ వార్త తెలిసిన రోజు నేను గోడ దూకినట్టే వెళ్లాను. మార్తక్క పక్కన కూర్చున్నాను, అన్నం కలిపి పెట్టాను, ఆమె రెండు ముద్దలు తిన్నది. అంతవరకు నేను చెయ్యాల్సిందే చేశాను. తర్వాతి బంద్ నాడు పొద్దున, గోడ దగ్గరి ఎండలో కూర్చుని, శ్రీను ఎప్పటి గొంతుతోనే, రేపు గూడ బంద్ ఉంటదా నాయినా అని అడిగాడు. గోడ అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. మళ్లీ మొదలు కాలేదు.

అత్తమ్మ పిల్లలను రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. ఆమె అన్నిటికీ రోజులు తెలిసిన మనిషి. వీధిలో చావయితే ఎన్నాళ్లు పొయ్యి మీద నూనె మూకుడు పెట్టకూడదో, పురుడయితే ఎన్నాళ్లు ఆ ఇంటి నీళ్లు ముట్టకూడదో అడిగిన వెంటనే చెప్పేది. పక్కింట్ల పిలగాడు జైల్ల ఉంటే మనింట్ల గీ ఇకఇకలేంది, ఆ తల్లి పానం ఎట్లుంటదో సోయి ఉన్నదా అని మా ఇద్దరినీ కోప్పడింది. ఆమె అన్నది నాకు న్యాయంగానే తోచింది. అయితే నాకు ఏదైనా ఒక హద్దు కావాలి.

"మరి ఎన్ని రోజులత్తమ్మా?" అన్నాను.

దీనికి ఆమె దగ్గర కూడా లెక్క లేదు.

"పిలగాడు వచ్చిందాక," అంది.

నాలుగేళ్లవాడిని, మూడు నిండని దాన్ని, పక్కింటి పిల్లాడు జైలు నుంచి వచ్చేదాకా నవ్వొద్దు అంటే వింటారా? మా ఆయన దానికీ ఒక ఆట కట్టాడు. మన బస్సుకు డీజిల్ అయిపోయింది, ఇంజను బంద్ పెట్టి దిగుడు రోడ్డు మీద మెల్లగ పోతున్నం, చప్పుడైతే పోలీసులు ఆపుతరు అన్నాడు. పిల్లలకు పాత బస్సు కన్నా ఇదే నచ్చింది. మునివేళ్ల మీద నడిచేవాళ్లు. నవ్వు వస్తే గొంగడి నోట్లో కుక్కుకునేవాళ్లు. పద్మకు భుజాలు మాత్రం కదిలేవి. కూర్చునే చోటు కూడా మార్చాం. గోడ వదిలి బావి పక్కకు. అక్కడికి ఎండ బాగా పొద్దెక్కితే గాని రాదు. ఆ చలికాలం పద్మకు దగ్గు తగ్గనే లేదు. మొదటి రోజు శ్రీను, పెద్దమ్మ గోడ కాడ ఆగదా అని అడిగాడు. మా ఆయన గుసగుసగా చెప్పాడు: "ఆ స్టాపు బంద్."

ఇంతవరకు అయితే ఇది మర్యాద కోసం చేసిందే అనుకుని నేను ప్రశాంతంగా ఉండేదాన్ని. కాని ఆ మూడో నాటికో నాలుగో నాటికో ఇద్దరు పోలీసు జవాన్లు మా ఇంటికి వచ్చారు. మామూలు రోజయితే సరిగ్గా ఎన్నో నాడో చెప్పగలిగేదాన్ని; ఇది మాత్రం నేను గుర్తు పెట్టుకోకూడదనుకున్న రోజు. మా ఆయనను బయటికి పిలిచి, పక్కింటోళ్లతోని రాకపోకలున్నయా అని అడిగారు. ఆయనది ఉద్యోగం. ఇంట్లో ఐదు కడుపులు ఆ ఉద్యోగం మీదే. గోడ పక్కన ఇల్లు సార్, గంతే, అన్నాడు. నేను పద్మను ఎత్తుకుని గడపలో నిలబడి ఉన్నాను. గోడ అనే మాట వినగానే పద్మ చెయ్యి చాపి అటు చూపించింది. "పెద్దమ్మ," అంది. ఇంకా ఏదో చెప్పబోయింది. నా చేతిలో మోరంగడ్డ ముక్క ఉంది. దాన్ని పద్మ నోట్లో పెట్టాను. వేడిగా ఉన్నట్టుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి, కాని ఆటలో చప్పుడు చెయ్యకూడదు కదా, ఏడవకుండా నమిలింది. జవాన్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత మేము మరింత నెమ్మదిగా మాట్లాడుకున్నాం. దీన్లో ఆ తల్లి మనసు కష్టపడుతుందన్నది ఎంత, మా భయం ఎంత అని నేను ఎన్నోసార్లు విడదీయబోయాను. కుదరలేదు.

ఒక పొద్దున మార్తక్క గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. దవాఖాన తెల్లచీర కట్టుకుని ఉంది, కొంగులో ఏవో ఉన్నాయి, బహుశా రేగుపండ్లే. మా బస్సు మునివేళ్ల మీద జామచెట్టు దాటి అటుగా వస్తోంది. ఆమె చెయ్యి ఎత్తింది. శ్రీను ఆమెను చూశాడు, తండ్రిని చూశాడు. తండ్రి బావిలోకి చేద దించుతూ తల ఎత్తలేదు. నేను పొయ్యి ఊదుతున్నట్టు వంగాను. బస్సు ఆగలేదు. పద్మ మాత్రం వెళ్తూ వెళ్తూ, గొంగడి అంచు నోట్లో పెట్టుకునే, వెనక్కి తిరిగి చూస్తూ పోయింది. కాసేపటికి నేను తల ఎత్తేసరికి గోడ మీద ఎండ తప్ప ఏమీ లేదు. ఆమె మమ్మల్ని అర్థం చేసుకుని ఉంటుందనుకున్నాను. ఇంత బాధలో ఉన్నావు, నీ ముందు మేము నవ్వడం లేదు చూడు అని మేము నోరు తెరవకుండా చెబుతున్నామని, అది ఆమెకు చేరుతోందని నమ్మాను. ఆమెకు చేరింది వేరు.

చలి పోయి మామిడి పూత వాసన వస్తున్నప్పుడు ప్రభాకర్ తిరిగి వచ్చాడు. చొక్కా వేలాడుతోంది. ఆ సాయంత్రమే గుంజ ఎక్కి తెల్లబడ్డ నక్షత్రాన్ని దించాడు. గోడ మీది నుంచి శ్రీనును పిలిచి, ఇంజను కావాల్నా అన్నాడు. శ్రీను నోటికి వేలు అడ్డం పెట్టుకుని, చప్పుడు చేయొద్దన్నట్టు తల ఊపాడు. వాడికి ఆట ఇంకా అయిపోలేదు. ఆట అయిపోయిందని వాడికి చెప్పాలని మాకెవరికీ తోచలేదు. ఆ ఎండాకాలమే వాళ్లు ఎల్బీనగర్ వైపు చిన్న జాగా కొనుక్కుని రెండు గదులు వేసుకుని వెళ్లిపోయారు. జాగా దొరికింది కాబట్టి పోయారనే ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. నిజంగానే జాగా దొరికింది కూడా.

తర్వాత అంతా చాలా త్వరగా మారిపోయింది. ద్రాక్షతోటలు పోయి కాలనీలు వచ్చాయి. కొత్తపేటకు పండ్ల మార్కెట్ వచ్చింది, ఎన్నో ఏళ్లు రోడ్డంతా బత్తాయి తొక్కల వాసనతో నింపి, అదీ వెళ్లిపోయింది. చైతన్యపురి హాస్టళ్లలో ఇప్పుడు ప్రభాకర్ వయసు పిల్లలు వేలమంది ఉంటారు. పొద్దున్నే చెవుల్లో వైర్లు పెట్టుకుని టీ తాగుతుంటారు. అత్తమ్మ పోయింది, మా ఆయన పోయాడు, ప్రభాకర్ కూడా కరెంటు ఆఫీసులో చేసి, రిటైరై, నాలుగేళ్ల కింద పోయాడు. శ్రీను మెల్లగా మాట్లాడే మనిషయ్యాడు. బ్యాంకులో వాడితో పని చేసేవాళ్లు మంచితనం అంటారు. నాకు మాత్రం వాడు గొంతు తగ్గించినప్పుడల్లా గొంగడి గుర్తొస్తుంది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో గోడ ఇటుక మందం కూడా లేదు, పక్కవాళ్ల టీవీలో ఏం వస్తుందో నాకు తెలుసు. వాళ్ల పేర్లు మాత్రం నేమ్‌ప్లేట్ చూసి నేర్చుకున్నాను.

మొన్న ఆ మేడ మీద, మార్తక్క మంచం అంచున కూర్చుని ఇదంతా ఆమెకు చెప్పాలనుకున్నాను. పిల్లలు దుప్పటితో మా చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

"నీ మనసు కష్టపడొద్దని అక్కా," అన్నాను మెల్లగా.

"ఏందీ?"

"నువ్వు బాధలున్నవని, పిల్లల్ని నవ్వనియ్యలే," అన్నాను కొంచెం గట్టిగా.

"ఏమంటున్నవో వినొస్తలే." నా చెయ్యి పట్టుకుని తన చెవి దగ్గరికి లాక్కుంది. ఆమెకు వినపడకపోయినా తాను చెప్పదలచుకున్నది చెప్పింది. "పొద్దుగాల మీ పిల్లలు లొల్లి వెడ్తే నాకు జర పానం నిమ్మలపడేది సత్తెమ్మా. కొడుకు లేని ఇల్లు. ఆ లొల్లి కోసం చూసేదాన్ని. ఒక్కపారి బంద్ వెట్టిన్రు. జైలోళ్ల ఇల్లని మమ్ముల ఇడిసిపెట్టిన్రు అనుకున్న. గోడ కాడ నిలవడి చెయ్యెత్తితిని. బస్సు ఆగలే."

నా దగ్గర తయారుగా ఉన్న సమాధానం మర్యాద గురించి. అత్తమ్మ చెప్పిన రోజుల గురించి, తల్లి మనసు గురించి. ఆమె చెవిలో గుసగుసగా అయితే అది చెప్పి వచ్చేసేదాన్నేమో. కాని గుసగుస ఆమెకు వినపడదు. మేడ మీద సునీత బట్టలు ఆరేస్తోంది, పక్క మేడ మీద ఎవరో మిరపకాయలు ఎండబోస్తున్నారు. వాళ్లందరికీ వినపడేలా అరిచి చెప్పాలంటే అంత పొడుగు మాట నోటికి రాలేదు. చిన్నదే వచ్చింది.

"భయపడ్డం అక్కా!" అని అరిచాను. "పోలీసోళ్లొచ్చిన్రు. భయపడ్డం!"

మిరపకాయలు పోస్తున్న ఆవిడ ఆగి ఇటు చూసింది. మార్తక్క నా ముఖంలోకి చూసింది. ఆ కళ్లలో కోపం వెతికాను, కనపడలేదు. అంత తేలికగా ఏమీ పోలేదని కూడా తెలుస్తోంది.

"గింత గట్టిగ అప్పుడు గోడ మీదికెల్లి చెప్తే అయిపోతుండె గద," అంది. "నేను గూడ భయపడ్డ. ఇద్దరం కలిసి భయపడెటోళ్లం."

అప్పటికే పిల్లలకు నా అరుపు తెగ నచ్చేసింది. భయపడ్డం, భయపడ్డం అని గొంతెత్తి పాడుతూ, దుప్పటి రెపరెపలాడిస్తూ, కుర్చీని గరగరా ఈడుస్తూ మంచం చుట్టూ పరుగు మొదలుపెట్టారు. మా ముఖాలు చూసి సునీత కంగారుపడింది. చేతిలో తడిబట్ట అలాగే పట్టుకుని, వాళ్లను ఊకోబెట్టడానికి ఇటు పరుగెత్తుకొచ్చింది.

మార్తక్క ఆమె వైపు చెయ్యి ఎత్తింది. నేనూ ఎత్తాను. సునీత ఆగిపోయింది.